నూట ఎనిమిది ఆకులు

దిగినరోజుకి పన్నెండు రోజులు

ఇంటి పెద్దబిడ్డ దినచర్య రాయాలన్నది ఎర్రమెట్ట ఆనవాయితీ. రోజుకి నాలుగు వాక్యాలు చాలు. ఇవాళ కాస్త ఎక్కువ రాస్తాను. ఉదయం మాత్రం అన్ని ఉదయాల్లాగే మొదలైంది.

ఊరి కప్పు దీపాలు నీలం నుంచి తెలుపుకి తిరగక ముందే లేచాను. అర చెంబు నీళ్ళతో ముఖం కడుక్కున్నాను. వీధి తలుపు పక్కన ఉన్న గాలి జల్లెడ ఊడదీసి, బోర్లించి, మూడుసార్లు తట్టాను. దోసెడు ఎర్ర దుమ్ము రాలింది. దాన్ని ఇటుకల వాళ్ళ డబ్బాలో పోశాను. జల్లెడ బిగించి, గుమ్మం మీది తోరణాన్ని పొడిగుడ్డతో తుడిచాను. తర్వాత దేవుడి అలమర. ఇక్కడ నిప్పు వెలిగించడం ఏడాదికి ఒక్కసారే, దీపావళికి, అదీ అనుమతి చీటీ ఉంటేనే. మిగతా రోజుల్లో ఆంజనేయస్వామికి మీట నొక్కే దీపమే. నొక్కి, పదకొండు సార్లు రామనామం చెప్పుకున్నాను.

అమ్మ అప్పటికే మంచం మీద కూచుని ఉంది. ఎనభై ఒక్కేళ్ళు.

"ఒలే పెద్దదానా, కాపీ అయిందేటి?"

"బార్లీ వేగుతోందమ్మా."

"నిన్నట్నించీ ఏగుతున్నాది."

చెల్లెలు నీలవేణి గుర్తింపు బిళ్ళ మెడలో వేసుకుంటూ వచ్చింది. గాలి కార్యాలయంలో దాని ఉద్యోగం. "అప్పా, నా డబ్బాలో చట్నీ ఎక్కువ వెయ్యి. మా ఆఫీసరు సగం తినీసి, ఉప్పు తక్కువంటున్నాడు" అంది. నాచుపిండి ఇడ్లీలు నాలుగు పెట్టి పంపాను.

తమ్ముడు సింహాద్రి ఆ సరికే బయటికి వెళ్ళి తిరిగొచ్చాడు. బొమ్మల భాండారంలో పాత సినిమాలు అతికించడం వాడి పని. చేతిలో రేకు డబ్బా ఉంది. అమ్మ ముందు పెట్టాడు. మూత మీద పోయిన నాన్న చేతిరాత: *తలుపు తట్టిన మనిషి. కోతలు.*

అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది.

"నన్ను డబ్బాలో ఎట్టి తెచ్చేవా, నాయనా" అంది.

పదకొండు రోజులు

ఈ పుస్తకం ఎప్పుడైనా ఎవరైనా చదివితే తెలియడానికి రాస్తున్నాను. మొదటివాళ్ళు భూమి నుంచి వచ్చి ఈ ఎర్ర నేల మీద దిగిన పండగే దిగినరోజు.

నా చిన్నప్పుడు ఇక్కడ గాలికి కరువు. భయపడ్డ మనిషి ఇద్దరి గాలి పీలుస్తాడు. అందుకని ప్రతి కొత్త సినిమాకీ గాలి కార్యాలయం వాళ్ళు హాల్లో గాలి ఖర్చు చూపే ముల్లు పెట్టుకుని కూచునేవాళ్ళు. జనం ఎక్కడ రొప్పితే అక్కడ సినిమాని కత్తిరించేవాళ్ళు. ఊపిరి కోత అనేవారు. భయం సినిమాలైతే సగానికి సగం పోయేవి. కత్తెర పట్టుకున్నది మా నాన్న. అది ఆయన ఉద్యోగం.

ఇప్పుడు నాలుగు వందల నాచు చెరువులున్నాయి. గాలి దండి. కోత చట్టం పోయిన ఏడాది ఎత్తేశారు. అప్పటినుంచి తమ్ముడు ముప్ఫై ఒక్క సినిమాలకు వాటి ముక్కలు వాటికి అతికించాడు.

ఇది ముప్ఫై రెండోది. ఇక్కడ తీసిన మొదటి భయం సినిమా. పొరపాటున గాలి లేని బయట ఉండిపోయి, తలుపు తీసేవాళ్ళు లేక చనిపోయిన ఒక మనిషి, తర్వాత ఇంటింటి తలుపూ తడుతుంది. ఆ మనిషి మా అమ్మ. తొమ్మిది చోట్ల కనిపిస్తుంది. ఆ తొమ్మిది చోట్లా కోశారు. నలభై ఏడేళ్ళుగా సినిమా మొదట వేసే పేర్లలో రెండో పేరు అమ్మది. తెర మీద అమ్మ వేలి గోరు కూడా లేదు.

సాయంత్రం తమ్ముడు ఇంట్లో గోడ మీద కోసిన సినిమా వేశాడు. ఎర్రమెట్టలో ఇది నవ్వుల సినిమా కింద లెక్క. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఎవరూ ఉండరు. ఇంట్లో వాళ్ళందరూ కెవ్వుమని పరిగెడతారు. మళ్ళీ ఇంకో తలుపు.

"ఆ లావాటాయన ఎందుకు దణ్ణం పెడుతున్నాడమ్మా?" అంది నీలవేణి.

"నాకే పెడతన్నాడే. నా కాళ్ళ మీద పడిపోనాడు. సూడు, ఇప్పుడు నాను ఇక్కడున్నాను." అమ్మ లేచి వెళ్ళి గోడ మీద ఖాళీ జాగాలో వేలు పెట్టి చూపించింది.

నీలవేణి నవ్వడం ఆపి అంది: "అన్నయ్యా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. భయపెట్టే ముక్కలు మళ్ళీ అతికించి ఏటి సుఖం? జనం హాయిగా నవ్వుకుంటన్నారు కదా."

"వాళ్ళు తీసేసింది భయాన్ననుకున్నారే. మనిషిని తీసీసేరు. భయం మిగిలే ఉంది, చూడు, అందరూ పరిగెడుతూనే ఉన్నారు. ఎవర్ని చూసో తెలీదు, అంతే."

నాకు భయం సినిమాలు పడవు. కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటాను. ఇవాళ గోడ మీద ఎవరూ లేకపోయినా మూసుకున్నాను.

చిక్కు ఒకటి ఉంది. డబ్బాలో ముక్కలు ఎనిమిదే. తొమ్మిదో దాని ఎదురుగా పట్టీలో నాన్న ఇలా రాశాడు: *కరిగించడమైనది.* కింద సంతకం.

ఒక్క ముక్క తక్కువైనా భాండారం వాళ్ళు 'నిండు బొమ్మ' ముద్ర వెయ్యరు. ముద్ర లేని ముక్కలన్నీ దిగినరోజు నాడు కరిగింపుకి పోతాయి. ఫిల్ము కరిగిస్తే వచ్చే రేకు తోటల కప్పుకి కావాలి. అంటే మిగిలిన ఎనిమిది ముక్కల అమ్మ కూడా పోతుంది.

"పోతే పోయింది" అంది అమ్మ. రాత్రి అన్నం సగమే తింది.

తొమ్మిది రోజులు

ఎనిమిది ముక్కలూ వాటి చోట్లలో కూచున్నాయి. తమ్ముడు ఎలా కూచోబెడతాడో రాయాలి. కళ్ళతో కాదు, ఊపిరితో.

మొదటి ఆట రోజున హాల్లో ప్రతి సీటు వెనకా గాలి లెక్కపెట్టే గొట్టం ఉండేది. ఆ గీతల పట్టీలు ఇంకా ఉన్నాయి. కోసిన సినిమా పక్కన ఆ పట్టీ పరుస్తాడు. తెర మీద ఏమీ లేనిచోట రెండు వందల మంది ఒక్కసారి ఊపిరి ఎగబీల్చి ఉంటే అక్కడ ముక్క పోయినట్టే. ఎంతసేపు పోయిందో, ఎంత గట్టిదో గీతే చెబుతుంది.

తొమ్మిదో చోటు చూపించాడు. "ఇది చూడప్పా, విచిత్రం. ఇక్కడ ఎవరూ రొప్పలేదు. హాలు మొత్తం ఊపిరి బిగబట్టీసింది. నూట ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే ఒదిలేరు. ముల్లు ఎరుపు దాటీసింది. అందుకే కరిగించమన్నారు దీన్ని."

రెండు వందల గీతలు నేలమట్టంగా పడుకుని ఉన్నాయి. ఒక్క గీత మాత్రం కదులుతోంది. చిన్న చిన్న పళ్ళు, దువ్వెనలాగా, సమంగా.

"పద్నాలుగో సీటు. గొట్టం పాడైపోయి ఉంటాది" అన్నాడు.

గొట్టం పాడవలేదు. నాకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ రాశాను. రాయడం చెప్పడం కాదు.

ఎనిమిది రోజులు

పూజ అయ్యాక ముగ్గురినీ కూచోబెట్టి చెప్పాను.

"పద్నాలుగో సీటు నాది. నాకు ఏడేళ్ళు. ఆ తొమ్మిదోసారి అమ్మ తెర మీదికి రాగానే కళ్ళు మూసుకున్నాను. రామ రామ అని లెక్కపెట్టాను. నూట ఎనిమిది అయ్యాక తెరిచాను. అప్పటికి అమ్మ వెళ్ళిపోయింది."

సింహాద్రి పట్టీ తీసి దువ్వెన పళ్ళు లెక్కపెట్టాడు. నూట ఎనిమిది. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఇంకా ఉంది" అన్నాను. "హాలు నుంచి ఇంటికి నడుస్తుంటే నాన్న అడిగాడు, ఎన్నిసార్లు అన్నావమ్మా అని. చెప్పాను. ఆ మనిషి మన తలుపు తడితే ఎలా నాన్నా అని ఏడ్చాను. ఆవిడ మన ఇంట్లోకి రాకుండా చూడు అన్నాను. సరే అన్నాడు. ఆ ముక్క నావల్లే కరిగిపోయిందేమో అని నా అనుమానం."



అమ్మ పకపకా నవ్వింది. "బాగుందే. మొగుడు కోసేడు. కూతురు కళ్ళు మూసుకుంది. ఈదిలోవాళ్ళని అని ఏటి లాభం?"

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం కాఫీ అడగలేదు. అమ్మ కాఫీ అడగకపోవడం ఈ పుస్తకంలో ఇంతవరకు రాయలేదు.

ఆరు రోజులు

ఏటా దిగినరోజు ముందు తోరణానికి రంగు వెయ్యడం నా పని. ఇక్కడ మామిడాకు లేదు. ఎవరికి దొరికిన రేకుతో వాళ్ళు ఆకులు కత్తిరించి కట్టుకుంటారు. చాలా ఇళ్ళలో తోటకప్పు చిరుగులే. మాది నాన్న కట్టింది. రెండు వేళ్ళ వెడల్పు, జానెడు పొడవు, కింద కొస సూదిగా. మూడు వరసలు. నాచురంగు బంకలో కలిపి పూస్తాను, ఆరాక ఒక్కో ఆకుకి పసుపు చుక్క. నాకు చెయ్యి వచ్చినప్పటినుంచీ చేస్తున్నాను.

కుంచె ముంచాను. మొదటి ఆకు పట్టుకోగానే పాత రంగు అప్పడంలా పెళ్ళ లేచింది. ఎన్నో ఏళ్ళ పూతలు పొరలు పొరలుగా కనిపించాయి. పెళ్ళ కింద ఆకు పచ్చగా లేదు. నల్లగా మెరుస్తోంది. అంచు వెంట చిన్న చదరపు కన్నాలు, వరసగా.

ఆ కన్నాల్లోంచే ఇన్నేళ్ళూ దారం గుచ్చాను. నాన్న నా దారం కోసమే పొడిచాడనుకున్నాను. పక్కింటి తోరణాలకు కన్నాలు ఉండవు, వాళ్ళు ముడి వేస్తారు. మా నాన్న పనిమంతుడు అనుకున్నాను తప్ప ఇంకోటి తట్టలేదు.

దీపానికి అడ్డంగా పెట్టి చూశాను. పన్నెండు చిన్న గళ్ళు. ప్రతి గడిలో ఒక ముఖం.

కళ్ళు మూసుకున్నాను. తర్వాత తెరిచి, తోరణం ఆకులు లెక్కపెట్టాను. లెక్క నాకు తెలుసు, అయినా పెట్టాను.

"సింహాద్రీ" అని పిలిచాను. గట్టిగా పిలిచానట. ముగ్గురూ వచ్చారు.

తమ్ముడు ఆకుని దీపానికి పట్టి గళ్ళు లెక్కపెట్టాడు. "అప్పా, ఆ రోజుల్లో సినిమా సెకనుకి పన్నెండు బొమ్మలు. రేకు పొదుపని. ఆకుకి పన్నెండు బొమ్మలంటే ఆకుకి ఒక సెకను. నువ్వొక నామం అంటే నాన్న ఒక ఆకు కత్తిరించేడు."

"మరి కరిగించానని సంతకం పెట్టేడు కదా?" అంది నీలవేణి.

"కొసలు సూదిగా కత్తిరించినప్పుడు పడ్డ చిన్న ముక్కలున్నాయి కదే. అవి కరిగించి ఉంటాడు. అబద్ధం రాయలేదు. నిజం కొంచెం తగ్గించి రాసేడు."

అమ్మ ఆకు అడిగి తీసుకుంది. కళ్ళ దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "నన్ను ఇంట్లోకి రానీకుండా గుమ్మానికి కట్టేడు ఈ మనిషి" అంది. "పోన్లే. గుమ్మం దాకా తెచ్చేడు."

తర్వాత అంది: "ఒలే, కాపీ ఎట్టు."

ఐదు రోజులు

రంగు బంకతో కలిపింది కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో కరుగుతుంది. మా ఫిల్ము మీది బొమ్మకి నీళ్ళతో ఏమీ కాదు. కష్టం నీళ్ళే. నూట ఎనిమిది ఆకులు, నలభై ఏళ్ళ పైబడిన భక్తి.

మా వాటా నీళ్ళు పది ఆకులకే అయిపోయాయి. నీలవేణి వీధిలోకి వెళ్ళి ఏం చెప్పిందో, సాయంత్రానికి ఇంటికో చెంబు వచ్చింది. ఎదురింటి లచ్చమ్మ రెండు తెచ్చింది. "దెయ్యానికి తానం పోయిస్తన్నారంట కదా" అని పీట వేసుకుని కూచుంది. మేమంతా వేళ్ళతో రుద్దాం. కుండలన్నీ పచ్చనయ్యాయి. ఆ నీళ్ళు శుద్ధికి పంపితే అక్కడివాళ్ళు ఇంట్లో నాచు చెరువు పెట్టారా అని అడిగారట.

అమ్మ మంచం మీద నుంచి అజమాయిషీ. "ముక్కు కాడ నెమ్మది. నా ముక్కు అసలే చిన్నది."

ఆకులన్నీ తేటపడ్డాయి. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. దారం మూడుసార్లు తెగింది ఇన్నేళ్ళలో. తెగినప్పుడల్లా నేనే గుచ్చాను. రంగు బాగున్నవి మధ్యకి, మాసినవి పక్కలకి, చూడ్డానికి బాగుండాలని. నాన్న ఏ వరసలో కట్టాడో దేవుడికే తెలియాలి.

నూట ఎనిమిది ఆకుల్లోనూ అమ్మే. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా. తమ్ముడు రెండు గంటలు కూచుని నాలుగు ఆకులు జతపరిచి, వాటిలో రెండు మళ్ళీ విడదీశాడు.

"యంత్రానికి ఇస్తే వరస చెప్పేస్తాది కదా" అంది లచ్చమ్మ.

"మూడు వరసలు చెప్పింది పిన్నీ. మూడూ నిజమేనంటోంది."

మూడు రోజులు

"నన్నడగరేటి?" అంది అమ్మ పొద్దున్నే. "చేసింది నాను కదా."

"నలభై ఏడేళ్ళయింది, గుర్తుందా అమ్మా?" అన్నాను.

"నీ పురుడు గుర్తులేదా నాకు? ఇదీ అంతే."

బల్ల మీద ఆకులన్నీ పరిచాం. సింహాద్రి, నీలవేణి చెరో పక్క నిలబడ్డారు. అమ్మ ఇడ్లీ గిన్నె తలకి బోర్లించుకుని గుమ్మం బయట నిలబడింది. అప్పట్లో అది బయటికెళ్ళే శిరస్త్రాణమట, ఇప్పటికి గిన్నె చాలంది. "లెక్క ఎవరు చెప్తారు? సెకనుకొకటి పడాల" అంది.

అందరూ నన్ను చూశారు.

"రామ" అన్నాను.

అమ్మ మూడుసార్లు తలుపు తట్టి లోపలికి వచ్చింది. నా అలవాటు కొద్దీ కళ్ళు మూతపడ్డాయి.

"కళ్ళు మూసుకుంటే ఎలా అప్పా, ఏ నామానికి ఏం చేసిందో నువ్వే కదా చెప్పాలి" అన్నాడు తమ్ముడు.

తెరిచాను. మొదటినుంచి మొదలెట్టాం.

ఐదో నామానికి గిన్నె మీద చెయ్యి వేసింది. పదిహేనుకి తీసింది. ఇరవైకి నుదుటికి అంటుకున్న వెంట్రుకలు వెనక్కి తోసింది. తర్వాత ఊపిరి పీల్చింది. అంతే. ఇంకేమీ చెయ్యలేదు. కళ్ళు మూసుకుని, కడుపు నిండేలా, నెమ్మదిగా పీల్చి, నెమ్మదిగా వదిలింది. మళ్ళీ పీల్చింది. అడిగేవాళ్ళు లేనట్టు, తూచేవాళ్ళు లేనట్టు.

చెమ్చాతో కొలిచినట్టు గాలి ఇచ్చే రోజుల్లో, చచ్చిపోయిన మనిషి ఇంట్లోకి వచ్చి మన గాలి అలా పీలుస్తుంటే. హాలు ఎందుకు ఊపిరి బిగబట్టిందో ఇవాళ అర్థమైంది. ఇప్పుడు చూస్తే ఒక ఆడమనిషి హాయిగా గాలి పీల్చుకుంటోంది. ఆవిడ మా అమ్మ.

నామం తప్పకుండా చెప్పాను.

ఎనభై ఒకటికి అమ్మ నవ్వింది, శబ్దం లేకుండా. తొంభైకి చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"ఆగండి. చెయ్యి ఎక్కడ పెట్టావమ్మా?" అంది నీలవేణి, ఆకు వెతుకుతూ.

"నీ మీదే. ఐదో నెల. కడుపుతో ఉన్నోళ్ళకి ఒకటింపావు వాటా గాలి ఇచ్చీవోరు. అందుకే నాకిచ్చేరు ఏసం. మిగతా ఆడోళ్ళు అంతంత ఊపిరి తీస్తే జుల్మానా ఏసీవోరు కదా."

నీలవేణి ఆకు ఎత్తి దీపానికి పట్టింది. చెయ్యి, చెయ్యి కింద ఎత్తుగా చీర. "అయితే ఈ సినిమాలో నేనూ ఉన్నాను" అంది. "గాలి కార్యాలయం నన్నూ కోసేసింది. రేపు ఆఫీసరు చట్నీకి వస్తే చెప్తాను."

పదకొండు సార్లు చేయించాం. అమ్మ విసుక్కోలేదు. ప్రతిసారీ అదే నామానికి అదే చేసింది. సాయంత్రానికి వరస కుదిరింది.

ఒక రోజు

భాండారం అధికారి చలమయ్యగారు వచ్చి చూశారు. మంచివాడే, ముద్ర దగ్గర మాత్రం గట్టి.

"బాగానే ఉందమ్మా. కానీ ప్రతి ఆకు చివరా మూడేసి బొమ్మలకి మూలలు లేవు. నిండు బొమ్మ ఎలా అంటాను? యంత్రంతో మూలలు పూరించి తెండి, అరగంట పని, ముద్ర వేసేస్తాను."

తమ్ముడు ఒక ఆకుకి పూరించి చూపించాడు. అతుకు తెలియలేదు. అమ్మ చూసింది.

"ఈ చెంప నాది కాదు" అంది.

"మీదేనమ్మా, మీ చెంప చూసే గీసింది."

"నా చెంప చూసి గీసింది నా చెంప ఎలాగవుతాది బాబూ? ఒకసారి మీవోళ్ళు నన్ను తీసీసేరు. ఇప్పుడు నాను కానిదాన్ని ఎడతానంటున్నారు. రెండూ ఒగటే. నాకొద్దు. కరిగించుకోండి."

చలమయ్యగారు నా వైపు చూశారు, నేను సర్ది చెబుతానని. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో సర్ది చెప్పేది నేనే. నేను చెప్పలేదు.

నీలవేణి గాలి కార్యాలయం బిళ్ళ సరిచేసుకుని లేచింది. "అయ్యా, మీ నిబంధన చదివేను. కోసిన కాలమంతా తిరిగి చేరితే నిండు బొమ్మ అని ఉంది. మూలల మాట లేదు. నూట ఎనిమిది సెకన్లు కోశాం, మా పట్టీలో ఉంది. నూట ఎనిమిదీ ఉన్నాయి. తూచుకోండి."

ఆయన చేతిగడియారం తీశారు. తమ్ముడు ఆట వేశాడు. గోడ మీద అమ్మ ముఖం. ప్రతి సెకను చివరా కొస దగ్గర సన్నబడి, మళ్ళీ నిండుగా విప్పుకుంటోంది. ఆకు ఊపిరి తీస్తున్నట్టుంది. ఎవరూ అలా చెయ్యాలనుకోలేదు. నాన్న కత్తెర అలా చేసింది.

అయిపోయాక చలమయ్యగారు గడియారం చూడ్డం మరిచిపోయానన్నారు. మళ్ళీ వేయించుకున్నారు. మూడోసారికి ముద్ర వేశారు. అసలు ఆకులు భాండారానికి, నకలు మాకు.

దిగినరోజు

మధ్యాహ్నం ఆట. పాత హాలే. గోడకి పాత ముల్లు ఇంకా ఉంది, దాని పక్కన నీలవేణికి డ్యూటీ. నేను పద్నాలుగో సీటులో కూచున్నాను. అమ్మ నా పక్కన, కొత్త చీరలో, లేచి నిలబడి వెనక వరసలన్నీ నిండాయో లేదో చూసుకుంది.

జనం నవ్వుకోవడానికే వచ్చారు. మొదటి తలుపు తెరుచుకోగానే నవ్వులు మొదలయ్యాయి. అక్కడ అమ్మ నిలబడి ఉంది. నవ్వు ఆగింది. లావాటాయన దణ్ణం ఎవరికో తెలిసింది. మూడో తలుపు దగ్గర కెవ్వుమన్నారు. ఐదో తలుపు దగ్గర నేనూ అన్నాను. "ఏటే, ఇంత వయసొచ్చి" అని అమ్మ నా తొడ గిల్లింది. సంతోషంగానే గిల్లింది.

తొమ్మిదో తలుపు. మూడుసార్లు తట్టింది. లోపలికి వచ్చింది. శిరస్త్రాణం తీసింది. ఆకుల అంచులు విప్పుకున్నాయి.

నా వయసు వాళ్ళూ, నాకంటే పెద్దవాళ్ళూ ఊపిరి బిగబట్టారు. పాత అలవాటు. ముల్లు కిందికి పడింది. ముందు వరసలో కాలేజీ పిల్ల ఒకతి మాత్రం తెర మీది అమ్మతో పాటు గట్టిగా పీల్చి, వదిలింది. దాని పక్కవాళ్ళూ పీల్చారు. ఆ తర్వాత వరస. మెల్లిగా మా వెనక ముసలివాళ్ళు కూడా. ముల్లు పైకీ కిందికీ ఊగింది, హాలంతా ఒక్క మనిషైనట్టు. ఒకచోట ఎరుపు తాకింది. చాలామంది దాని వంక చూశారు. నీలవేణి ముల్లుని గోడ వైపు తిప్పేసింది.

నేను నామం చెప్పుకోలేదు. నూట ఎనిమిది సెకన్లు చూశాను.

దీపాలు వెలిగాక అమ్మ లేవలేదు. జనమే ఆవిడ దగ్గరికి వచ్చారు. లచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "వదినా, మా ఇంటికి రా, తలుపు తీసే ఉంచుతాను" అంది.

సాయంత్రం ఇంటికొచ్చాం. గుమ్మం బోసిగా ఉంది. నలుగురం అక్కడే కూచుని ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం.

కొత్త తోరణం కట్టకూడదని అనుకున్నాం. అమ్మ మాట: "ఒగ్గీండే. ఎవరైనా వస్తే రానీండి." మిగిలిన నాచురంగు లచ్చమ్మకి ఇచ్చెయ్యాలని కూడా అనుకున్నాం.

రెండోది అమ్మ ఎత్తింది. సినిమాకి రెండో భాగం తియ్యాలట. భాండారంలో కెమెరా ఉందని తమ్ముడు ఒప్పుకున్నాడు. గాలి అనుమతి తను చూసుకుంటానని నీలవేణి అంది. కథ అమ్మ దగ్గర ఉంది. తలుపు తట్టిన మనిషి ఈసారి ఇంట్లోనే ఉండిపోతుంది. పొద్దున్నే అందరికంటే ముందు లేస్తుంది. జల్లెడ తడుతుంది. దీపం పెడుతుంది. ఇడ్లీలు వేస్తుంది. ఇంట్లో ఎవరికీ ఆవిడ దెయ్యమని అనుమానం రాదు.

"నాకు ఓపిక లేదు. ఏసం ఎవరెయ్యాలి మరి?" అంది అమ్మ.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"మేకప్ కూడా అక్కర్లేదు" అన్నాడు సింహాద్రి.

కళ్ళు మూసుకుని పదకొండు సార్లు నామం చెప్పుకున్నాను. తెరిచేసరికి ముగ్గురూ అక్కడే ఉన్నారు, నవ్వు ఆపుకుంటూ. రెండు షరతులు పెట్టాను. షూటింగ్ పూజ అయ్యాకే. నేను తెర మీదికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ కళ్ళు మూసుకోకూడదు. ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను.